రాజీ రెండు గుంపులు, లిండ్ ఆరు జంటలు

వైద్య పరీక్షలకు ఆద్యుడు అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అర్‌రాజీ (మరణం హి. 313, క్రీ.శ. 925) అని ముస్లిం రచయితలు తరచు వ్రాస్తుంటారు. ఈ మాటలో నిజమెంతో, అతిశయమెంతో తేల్చడానికి ఆయన 'అల్ హావీ' గ్రంథమే ఆధారం. దాని అరబీ మూలాన్ని హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ 1955 నుండి సంపుటాలుగా ప్రచురించింది.

సర్సామ్ (మెదడు పొరల వాపు) రాబోయే ముందు కనిపించే తలనొప్పి, మెడనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, నిద్ర పట్టకపోవడం వంటి లక్షణాలను రాజీ వర్ణించారు. అట్టి రోగులలో ఒక గుంపుకు నెత్తురు తీయించారు. మరొక గుంపును బుద్ధిపూర్వకంగానే వదలివేశారు. నిర్ణయానికి రావడమే తమ ఉద్దేశమని ఆయనే చెప్పుకున్నారు. వదలివేయబడిన వారందరికీ సర్సామ్ వచ్చిందట.

పోల్చి చూడాలన్న ఆ సంకల్పం నిస్సందేహంగా గొప్పది. కాని గుంపుకు ఎందరో ఆయన చెప్పలేదు. ఎవరు ఏ గుంపులో చేరాలో నిర్ణయించింది వైద్యుడే. నెత్తురు తీయడాన్ని నేటి వైద్యం ఈ వ్యాధికి చికిత్సగా అంగీకరించదు. అనగా మార్గం సరైనదే, చేరిన గమ్యం మాత్రం తప్పు. పొగడ్తల తొందరలో ఈ సంగతి మరుగున పడుతోంది.

మందు గుణం ఎల్లప్పుడూ, లేదా అత్యధిక సందర్భాలలో కనబడాలి, లేనిచో అది యాదృచ్ఛికమే కావచ్చునని ఇబ్న్ సీనా తన 'ఖానూన్'లో నియమం పెట్టారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉన్నది.

1747లో జేమ్స్ లిండ్ స్కర్వీ సోకిన 12 మంది నావికులను ఆరు జంటలుగా చేసి, జంటకొక చికిత్స ఇచ్చాడు. నారింజ, నిమ్మ తిన్న జంట త్వరగా కోలుకున్నది. ఆరు చికిత్సలను రెండేసి చొప్పున పోల్చితే 15 పోలికలు. ఒక్కొక్క పోలికలో యాదృచ్ఛికంగా మోసపోయే అవకాశం నూటికి 5 అనుకుందాము. ఆ పోలికలు పరస్పరం స్వతంత్రమైనవైతే, ఎక్కడో ఒకచోట మోసపోయే అవకాశం నూటికి 54 దాకా పెరుగుతుంది. అవే రోగులు పలు పోలికలలో వస్తారు గనుక నిజానికి కొంత తగ్గుతుంది. అయినా 5 కంటే ఎంతో ఎక్కువే.

ఏ రోగికి ఏ చికిత్స అన్నది వైద్యుని ఇష్టానికి వదలక యాదృచ్ఛిక సంఖ్యలతో నిర్ణయించే పద్ధతి 1948లో వెలువడిన బ్రిటిష్ స్ట్రెప్టోమైసిన్ పరీక్షతో స్థిరపడింది. పలు చికిత్సలను ఒకే పోలిక గుంపుతో సరిచూసేటప్పుడు మొత్తం పొరపాటును 5కు మించనీయని లెక్కను చార్లెస్ డనెట్ 1955లో ప్రకటించాడు, హైదరాబాదులో 'హావీ' ముద్రణ ఆరంభమైన ఏడే. ఆ లెక్కకు పోలిక గుంపు తప్పనిసరి. లిండ్ ఓడలో చికిత్స పొందని జంట లేదు. రాజీ రోగులలో అట్టి గుంపు ఉన్నది.