ఉన్నిలో పుట్టిన కొండలు
మగ్గం ఎరగని బట్ట మీద రెండు వేల ఏళ్ల చిత్రకళ

సైబీరియా దక్షిణాన ఆల్తాయ్ కొండల్లో పాజిరిక్ అనే లోయ ఉంది. 1949లో పురావస్తు శాస్త్రవేత్త సెర్గేయ్ రుదెంకో అక్కడి ఐదో సమాధి దిబ్బను తవ్వించాడు. గుర్రాలపై తిరిగిన పశుపాలకుల సమాధి అది. దొంగలు ఏనాడో దానికి కన్నం వేసి విలువైనవి పట్టుకుపోయారు. ఆ కన్నంలోంచి దిగిన నీరు లోపల గడ్డకట్టి మళ్లీ కరగలేదు. దొంగలు వద్దనుకుని వదిలేసిన ఉన్నిని ఆ మంచే కాపాడింది.

అలా దక్కిందే సుమారు 4.5 మీటర్ల ఎత్తు, 6.5 మీటర్ల పొడవున్న ఫెల్ట్ తెర. ఫెల్ట్ అంటే నేయకుండా, ఉన్ని పోగులనే అదిమి చేసే బట్ట. తెల్లని ఫెల్ట్ మీద రంగు ఫెల్ట్ ముక్కలు కత్తిరించి కుట్టారు. కొమ్మలు చాచిన చెట్టును చేతపట్టి ఒక మూర్తి కూర్చుని ఉంటే, ఎదురుగా గుర్రం మీద మీసాల రౌతు. అదే సమాధిలో ఫెల్ట్ హంసలూ దొరికాయి. ఇప్పుడవి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి.

పొలుసుల పట్టు

గొర్రె ఉన్ని పోగును సూక్ష్మదర్శినిలో చూస్తే ఒంటినిండా పొలుసులు కనిపిస్తాయి. వేడినీళ్లు, సబ్బు తగిలి, మీద రాపిడి పడిందంటే పోగులు పెనవేసుకుపోతాయి. ఇక విడదీయలేం. మన గొంగడికైతే ఉన్ని వడకాలి, పడుగు పేకలు వేసి నేయాలి, చింతగింజల గంజి పట్టించాలి. ఫెల్ట్‌కు దారమే అక్కర్లేదు.

కిర్గిజ్ మహిళలు గడ్డికాడల చాప మీద ఉన్ని పరిచి, దానిపై రంగు ఉన్నితో బొమ్మ పేరుస్తారు. వేడినీళ్లు చిలకరించి, చాపతో సహా చుట్టి, గట్టిగా తొక్కుతారు, దొర్లిస్తారు. విప్పేసరికి బొమ్మా బట్టా ఒకే వస్తువు. అంచుల్లో ఒక రంగు మరో రంగులోకి జారిపోతుంది. ఈ పద్ధతి పేరు ఆలా కియీజ్. ఫెల్ట్ ముక్కలను కోసి, అమర్చి కుట్టేది షిర్దాక్. ఈ రెండింటినీ యునెస్కో 2012లో తక్షణం కాపాడుకోవాల్సిన వారసత్వాల జాబితాలో చేర్చింది.

ఇలాంటి పనికి పాత సాక్ష్యం జపాన్‌లోనూ ఉంది, నారా నగరంలోని షోసోయిన్ భాండాగారంలో. 756లో చక్రవర్తి షోము మరణించాక ఆయన వస్తువులను రాణి కోమ్యో తోదైజీ ఆలయానికి సమర్పించింది. వాటికి నెలవైన ఆ భాండాగారంలో ఎనిమిదో శతాబ్దపు పూల ఫెల్ట్ తివాచీలు నేటికీ భద్రంగా ఉన్నాయి. ఆ పూలను రంగు ఉన్నితో పొదిగారు. తివాచీ తయారవుతుండగానే పూలూ తయారయ్యాయి.

కొండల ఊళ్లో కొత్త ఊపిరి

1979లో ఇంగ్లండ్‌లోని కెండల్ పట్టణంలో, ఆబట్ హాల్ ఆర్ట్ గ్యాలరీ డైరెక్టర్ మేరీ బర్కెట్ ఫెల్ట్ కళ మీద ప్రదర్శన పెట్టి, పుస్తకమూ వెలువరించింది. కొండలకు, సరస్సులకు, గొర్రెలకు పేరుపొందిన లేక్ డిస్ట్రిక్ట్ ముంగిట ఉన్న ఊరది. పశ్చిమ దేశాల కళాకారులు ఫెల్ట్ వైపు మళ్లడానికి ఆమె కృషి పెద్ద ఆసరా అయింది.

ఇవాళ ఉన్నితో ప్రకృతి దృశ్యం చేసేవారు పలుచని పొరలుగా పని సాగిస్తారు. ముందు ఆకాశం, తర్వాత దూరపు కొండ, చివరికి దగ్గరి గడ్డి. ముదురు ఉన్ని మీద లేత ఉన్ని పలుచగా పరిస్తే పొగమంచు కమ్ముతుంది. నీటి తళుకు కోసం పట్టు పోగులు వేస్తారు. పట్టు తనంతట తాను అతుక్కోదు. ఉన్ని పోగులే దాన్ని బిగించి పట్టుకుంటాయి. చెట్టు కొమ్మల వంటి సన్నని గీతలకు గంట్లున్న సూదితో పొడుస్తూ పోగులను లోపలికి దించుతారు. కార్ఖానాల్లో ఫెల్ట్ చేసే యంత్రాల నుంచి వచ్చిన సూది ఇది. తడి పద్ధతిలో రంగులు కలిసిపోయే గుణం చిత్రానికి దూరాన్ని, లోతును ఇస్తుంది.

ఈ కళను తీరిక వేళ సరదాగా మాత్రమే చూడటం అన్యాయం. గుడారాలు వేసుకుని బతికిన పశుపాలకులు పెంపొందించి, స్త్రీలు చేతుల మీదుగా నిలబెట్టిన చిత్రకళ ఇది. దాని ముడిసరుకు గొర్రె దగ్గరే ఉంది. మన దగ్గర మాంసం కోసం ఉన్ని లేని జాతులు పెరుగుతున్నకొద్దీ, గొంగడికి ఆధారమైన దక్కనీ నల్లగొర్రె తగ్గిపోతోంది. ఉన్ని కళను ప్రేమించేవాళ్లు ఆ గొర్రెను, గొంగడి నేసే కురుమల పనితనాన్ని కూడా కాపాడుకోవాలి. కొనేవాళ్లుంటేనే కాపరి ఉన్ని కత్తిరిస్తాడు.