చేతి కంప్యూటరులో తెలుగు లిపి : 1993–2018

తెలుగు లిపి చరిత్రను వ్రాసినవారు శాసనములతో ఆరంభించి, తాళపత్రములమీదుగా వచ్చి, అచ్చుయంత్రముతో ముగించుట పరిపాటి. అచ్చునకు తరువాత లిపి ఎక్కిన ఉపకరణములను గూర్చిన విచారణ మనలో మిక్కిలి తక్కువ. నేడు గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తి, మిరప పండించు రైతు తెలుగు అక్షరమును తరచుగా చూచుచున్నది కాగితముమీద కాదు, అరచేతిలోని గాజుపలకమీద. ఆ పలకమీదికి మన అక్షరము ఎట్లు చేరెను, చేరుటకు ఎంత కాలము పట్టెను, చేరని కాలమున ఎవరు నష్టపడిరి అను మూడు ప్రశ్నలను ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి. చేతిలో ఇమిడి, తనలో ప్రోగ్రాములను నడుపుకొనగల యంత్రమును చేతి కంప్యూటరని వ్యవహరించుచున్నాము. మొదట ఇది ఫోనునకు వేరుగా నుండెను. పిదప రెండును ఏకమైనవి.

ఇట్టి యంత్రములు మొదట పాశ్చాత్య దేశములలో పుట్టినవి. 1984లో ఇంగ్లండునందలి సయాన్ సంస్థ 'ఆర్గనైజరు' అను చిన్న యంత్రమును వెలువరించెను. 1993 ఆగస్టులో అమెరికాలోని ఆపిల్ సంస్థ 'న్యూటన్ మెసేజ్‌ప్యాడ్'ను విపణికి తెచ్చెను. తెరమీద కలముతో వ్రాసినచో యంత్రము ఆ చేవ్రాతను చదువగలదని ఆ సంస్థ చాటెను. అది తరచుగా తప్పు చదివి పరిహాసమునకు పాత్రమయ్యెను; 1998లో దాని తయారీ ఆగిపోయెను. 1996లో వచ్చిన పామ్ 'పైలట్' వేరొక దారి త్రొక్కెను. మనుష్యుడు వ్రాసినట్లు యంత్రము చదువుట కష్టము గనుక, యంత్రము చదువగలిగినట్లు మనుష్యుడే వ్రాయవలెనని 'గ్రాఫిటి' అను సరళమైన వర్ణమాలను అది ప్రవేశపెట్టెను. ఆ పద్ధతిలో 'ఏ' అను రోమన్ అక్షరమునకు అడ్డగీత ఉండదు. జనులు ఆ వర్ణమాలను నేర్చుకొనిరి, యంత్రము విజయము పొందెను. యంత్రమునకు తగినట్లు మనుష్యుడు తన వ్రాతను మార్చుకొనుట ఇచ్చట మొదటిసారి స్పష్టముగా కనబడుచున్నది. రోమన్ లిపివారు ఒక గీతను విడిచిరి. తెలుగువారు విడువవలసి వచ్చినది లిపినంతటిని.

భారతదేశమున ఈ యంత్రమును గూర్చిన ఆలోచన ఆరంభమునుండియు భిన్నముగా నుండెను. పాశ్చాత్య దేశములలో అది ఉద్యోగి జేబులోని దినచర్య పుస్తకము. ఇచ్చట అది పల్లెలు తిరుగు ఆరోగ్య కార్యకర్త సంచిలోని రిజిస్టరునకు బదులుగా ఊహింపబడినది. 1990ల నడుమ ఆపిల్ సంస్థ పరిశోధకులు రాజస్థానములోని గ్రామీణ ఆరోగ్య కార్యకర్తల కొరకు న్యూటన్ యంత్రముమీద బొమ్మలతో కూడిన తెరలను రూపొందించి, ఆ అనుభవమును 1997లో ప్రకటించిరి. అటుపిమ్మట 21వ శతాబ్దపు తొలి సంవత్సరములలో, పల్నాటికి ఎదురుగా కృష్ణ కావలి ఒడ్డున నున్న నల్లగొండ జిల్లాలో, ప్రపంచ బ్యాంకునకు చెందిన 'ఇన్ఫోడెవ్' తోడ్పాటుతో ఏ.ఎన్.ఎం.ల చేతికి ఇట్టి యంత్రములు ఇయ్యబడినవి. గర్భిణుల వివరములు, టీకాల లెక్కలు ఒక్కొక్క రిజిస్టరునుండి మరియొక దానిలోనికి ఎత్తి వ్రాయుటకే ఆ ఉద్యోగినుల కాలములో పెద్ద భాగము పోవుచుండెను. ఆ భారమును తగ్గించుటయే ప్రయోగము యొక్క ఉద్దేశము. తెలుగు నేలమీద చేతి కంప్యూటరు తొలి వినియోగదారులలో ధనికుల కంటె ముందు ఈ స్త్రీలను పేర్కొనుట న్యాయము.

ఈ ఆలోచనకే పూర్ణరూపము బెంగుళూరులోని సింప్యూటరు. భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి. వినయ్ అను నలుగురు ఆచార్యులును, ఎన్‌కోర్ అను సాఫ్ట్‌వేరు సంస్థయు కలసి 1999లో సింప్యూటర్ ట్రస్టును నెలకొల్పిరి. 2001 ఏప్రిలులో నమూనా యంత్రము వెలువడెను. సులభము, చౌక, బహుభాషలలో పనిచేయునది అను మూడు లక్షణములు దాని పేరులోనే ఇమిడియున్నవి. చదువురానివారికి వ్రాతను చదివి వినిపించు ఏర్పాటును దానిలో ఆలోచింపబడినది. యంత్రము ఊరంతటికి ఒకటి, ఎవరి స్మార్టు కార్డు వారిది అనుట అందలి ముఖ్యమైన ఊహ. 2004 మార్చిలో భారత్ ఎలక్ట్రానిక్స్ సహకారముతో 'అమిడ' సింప్యూటరు సుమారు 10,000 రూపాయల ధరనుండి విపణికి వచ్చెను. కాని అది అనుకొన్నంతగా అమ్ముడుపోలేదు. పది మంది పంచుకొను చదువుల యంత్రమును, ఒక్కొక్కరి జేబులోను ఇముడు మాటల యంత్రము ఓడించెను. ఆ మాటల యంత్రము మొబైలు ఫోను.

ఇచ్చట మనము గుంటూరు సీమకు రావలెను. 2003 మేనుండి వచ్చెడి కాల్సునకు రుసుము లేకుండుటతో ఫోను సామాన్యునికి అందుబాటులోనికి వచ్చెను. మిరపకాయను కళ్ళములో ఆరబెట్టి, తాలుకాయను వేరుచేసి, టిక్కీలకెత్తి గుంటూరు మిర్చి యార్డునకు తోలువానికి బయలుదేరుటకు ముందే ధర తెలియుట ఎంతటి లాభమో వేరుగా చెప్పనక్కరలేదు. బండి కిరాయి పెట్టుకొని యార్డు చేరిన పిదప ధర పడిపోయెనని తెలిసికొన్నవానికి సరకు అమ్ముటయో, శీతల గిడ్డంగికి చేర్చుటయో తప్ప వేరు గతి లేదు. కావున ఫోను ఈ మైదానములలో త్వరగా వ్యాపించెను. కాని వచ్చినది ధ్వని మాత్రమే, లిపి రాలేదు.

ఏల రాలేదు? తెలుగు లిపికి అంతర్జాతీయ సంకేతము అప్పటికి లేకపోలేదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణముననే తెలుగు చేరియున్నది. చిక్కు మూడు తావుల నున్నది. ఒకటి, అక్షరములను కూర్చి చూపు సాఫ్ట్‌వేరు చౌక ఫోనులలో పెక్కింటికి లేకుండుట. అట్టి ఫోనునకు తెలుగు సందేశము వచ్చినచో తెరమీద గళ్ళు మాత్రమే కనబడెను. రెండు, పండ్రెండు మీటల పలకమీద ఒత్తులు, గుణింతములు కూర్చుటలోని ప్రయాస. మూడవది ధర. ఇది లెక్కతో కూడినది గనుక వివరింపవలసియున్నది.

ఒక ఎస్.ఎం.ఎస్.లో రోమన్ అక్షరములు 160 పట్టును. తెలుగు సంకేతములు పట్టునవి 70 మాత్రమే. అదియు అక్షరముల లెక్క కాదు, సంకేతముల లెక్క. మనము ఒక్క అక్షరముగా భావించు 'స్త్రీ' యంత్రమునకు సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈకారపు గుడి అను ఆరు సంకేతములు. 'గుంటూరు మిర్చి యార్డు' అను మూడు మాటలకు ఖాళీలతో కూడ 21 సంకేతములు వ్యయమగును. సందేశములో మూడింట సుమారొక వంతు పేరుకే చెల్లినది. అదే పేరు రోమన్ లిపిలో 160కి గాను 18. సందేశము 70 దాటినచో ముక్కలగును, ముక్కకొక ధర. ఈ విధముగా మాతృభాషలో వ్రాయువాడు ఆంగ్లమున వ్రాయువాని కంటె అధిక మూల్యము చెల్లించెను. ఈ ఏర్పాటు ఎవరి ద్వేషమువలనను కలుగలేదు. పద్ధతిని నిర్ణయించునపుడు మన లిపి వారి దృష్టిలో లేకపోవుటయే కారణము.

దీని ఫలితముగా తెలుగును రోమన్ లిపిలో వ్రాయు అలవాటు వ్యాపించెను. దీనిని భాషాద్రోహమని నిందించుట చరిత్ర తెలియకపోవుటయే యగును. గ్రాఫిటి నేర్చినవారి వలె వీరును యంత్రమునకు తగినట్లు మెలగిరి. కాని నష్టము మాత్రము నిజమైనది. సామాన్యుని రోమన్ వ్రాతలో హ్రస్వదీర్ఘములు తెలియవు. దకార డకారములు వేరుపడవు. మొక్క మొదట మట్టి తీసి చేయు 'పాదు'నకును, చెడిపోవుట అను అర్థము గల 'పాడు'నకును ఒకే అక్షరములు. సందర్భమునుబట్టి గ్రహింపవచ్చునని చదువుకొన్నవాడు చెప్పవచ్చును. తెలుగు బడిలో ఐదవ తరగతి వరకు చదివి, రోమన్ లిపి రాని రైతుకు సందర్భమును వెదకుటకైనను అక్షరము అందలేదు. ఫోను వాని జేబులోనే యుండెను. చదువుట మాత్రము కొడుకుదో, దుకాణదారునిదో అయ్యెను. పురుగుమందు మోతాదును ఆ మందునే అమ్మువానిచేత చదివించుకొనుటలోని అపాయమును ఊహించుట కష్టము కాదు.

లిపి విఫలమైన తావున రెండు ఉపాయములు పనిచేసినవి. మొదటిది ధ్వని. 2004 జనవరి 21న ఆరంభమైన కిసాన్ కాల్ సెంటరు రైతు ప్రశ్నకు వాని భాషలోనే నోటిమాటగా సమాధానమిచ్చెను. రెండవది చిత్రము. తెలుగు చూపలేని ఫోనులలో 'ఒపెరా మినీ' అను బ్రౌజరు, తన సర్వరులో అక్షరములను బొమ్మలుగా మార్చి తెరకు పంపుచుండెను. అప్పటి యువకులనేకులు తెలుగు పత్రికలను ఫోనులో చదివినది ఈ బొమ్మల రూపముననే. 2013 జులై 16న ఆరంభమైన ఎం-కిసాన్ నాటికి ప్రాంతీయ భాషలలో రైతులకు సందేశములు పంపుట కేంద్ర ప్రభుత్వ కార్యక్రమమయ్యెను. 2016లో వెలువడిన ఐ.ఎస్. 16333 మూడవ భాగము, దేశమున అమ్ముడుపోవు ప్రతి ఫోనును 22 భాషల వ్రాతను చూపగలిగియుండవలెనని విధించెను. సంకేతము 1991లో ఏర్పడగా, దానిని ప్రతి తెరయు చూపవలెనను ప్రమాణము ఏర్పడుటకు 25 సంవత్సరములు పట్టెను.

ఇంతటితో చిక్కులు తీరలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను ఒక్క తెలుగు అక్షరము, దాని సంకేతముల నడుమ కంటికి కనబడని మరియొక సంకేతము చేరిన రూపమున, ఆపిల్ ఫోనులకు వచ్చినపుడు సందేశముల ప్రోగ్రాము కూలిపోవుచుండెను. ఫిబ్రవరి 19న ఆ సంస్థ సవరణను వెలువరించెను. ప్రపంచ పత్రికలు దీనిని వింతగా వ్రాసినవి. లిపి చరిత్రకారునికి ఇది వింత కాదు. హల్లులో అకారము నిహితమై యుండుటయు, దానిని తొలగించి మరియొక హల్లును చేర్చుటయు మన లిపికి మూలమైన సమస్య. ఈ సీమలోనే, నేటి బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలున, 1892లో అలెగ్జాండర్ రీ వెలికితీసిన ధాతు కరండములమీది లిపిలో ఈ సమస్యకు ఒక ప్రత్యేక పరిష్కారము కనబడుచున్నది. క్రీ.పూ. 3–2 శతాబ్దులకు చెందినదని పండితులు తలచు ఆ లిపిలో అకారము గల హల్లునకు వేరుగా ఒక గీత చేర్చబడినది. గీత లేనిది పొల్లు హల్లు. యూనికోడ్ దీనికి విపర్యయము: హల్లు అకారముతోనే యుండును, పొల్లునకు గుర్తు చేరును. భట్టిప్రోలు లేఖకుడును, నేటి ప్రోగ్రాము రచయితయు ఎదుర్కొన్న ప్రశ్న ఒక్కటియే. మొదటివాడు తాను వ్రాయు భాషను ప్రత్యక్షముగా ఎరిగి పరిష్కరించెను. రెండవవానికి అట్టి ఎరుక కలిగించు బాధ్యత మనది.

నేడు అక్షరము చేరినది; పదము ఇంకను చేరవలసియున్నది. ఆంధ్రప్రదేశములో ఈ-పంట నమోదు ఫోనులలోను, ట్యాబులలోను జరుగుచున్నది. రైతు పేరు, ఇంటిపేరు ఒక పత్రమున ఒక విధముగను, వేరొక పత్రమున మరియొక విధముగను రోమన్ లిపిలో నమోదైనచో, యంత్రము వారిని ఇద్దరుగా భావించును. నష్టపరిహారము నిలిచిపోవుటకు అంత చాలును. తెలుగులో ఒక్క తీరుగా వ్రాయబడు పేరునకు రోమన్ లిపిలో మూడు నాలుగు రూపములుండుట మనమెరిగినదే. ఇక సాఫ్ట్‌వేరులోని తెలుగు పెక్కుతావుల ఆంగ్ల వాక్యములకు అనువాదము. తాలు, టిక్కీ, కళ్ళము, పాదు వంటి మాటలు దానిలో అరుదు.

కావున తెలుగు శాఖలు చేయదగిన పని కొంత కలదు. యార్డులోను, చేనిలోను వాడుకలో నున్న వృత్తిపదములను సేకరించి సాఫ్ట్‌వేరు రచయితలకు అందించుట మొదటిది. వ్యక్తినామములకు, ఇంటిపేరులకు తెలుగు రూపమునే ప్రమాణముగా గ్రహింపవలెనని సప్రమాణముగా వాదించుట రెండవది. మూడవది త్వరపడి చేయవలసినది. 2003 మొదలు జనులు వ్రాసికొన్న రోమన్ లిపి తెలుగు సందేశములు పాత ఫోనులతోడనే నశించుచున్నవి. శాసనము రెండువేల ఏండ్లు నిలిచినది. ఈ వ్రాత ఇరువది ఏండ్లు నిలుచుట కష్టముగా నున్నది. లిపి లేని కాలమున తెలుగువారు తమ మాటను ఎట్లు నిలుపుకొనిరో తెలుపు సాక్ష్యము అదియే గనుక, యజమానుల అనుమతితో దానిని సేకరించి భద్రపరచుట మన తరమువారి విధి.