పంపకముందే అందిన కబురు

ఓసారి మా ప్రాజెక్టులో రెండు సర్వర్ల లాగులు పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటిది పంపిన మెసేజీ, పంపడానికి 4 మిల్లీసెకన్ల ముందే రెండోదానికి అందేసింది! దయ్యమేం కాదు, గడియారాల్లో తేడా. కానీ ఆ తేడా ఎంతో తేల్చడం అనుకున్నంత తేలిక కాదు. మెసేజీ దారిలో ఎంతసేపుందో తెలిస్తేనే గడియారాల తేడా తెలుస్తుంది. ఆ తేడా తెలిస్తేనే దారిలో ఎంతసేపుందో తెలుస్తుంది. చెట్టు ముందా, విత్తు ముందా?

ఈ చిక్కుముడి కంప్యూటర్లతోనే పుట్టిందనుకునేవాణ్ణి. 1866 నాటికే దీన్ని విప్పే పద్ధతి ఉంది.

ఆ ఏడాది జులైలో ఐర్లండులోని వాలెన్షియా నుంచి న్యూఫౌండ్లాండ్‌లోని హార్ట్స్ కంటెంట్ దాకా అట్లాంటిక్ అడుగున టెలిగ్రాఫ్ కేబుల్ వేశారు. అమెరికా కోస్ట్ సర్వే తరఫున బెంజమిన్ గూల్డ్ అనే ఖగోళ శాస్త్రవేత్త దాంతో రేఖాంశాల తేడా కొలిచాడు. రెండు చోట్లా నక్షత్రాలను చూసి గడియారాలు సరిచేసుకుంటారు. ఆ స్థానిక సమయాల తేడాయే రేఖాంశాల తేడా, గంటకి 15 డిగ్రీల చొప్పున. ఒక్క సెకను తప్పితే భూమధ్యరేఖ దగ్గర 460 మీటర్లు అటూఇటూ అయిపోతుంది.

మరి సంకేతం కేబుల్లో ప్రయాణించే సమయం సంగతేంటి? అందుకే రెండువైపుల నుంచీ పంపారు. అసలు తేడా సుమారు 2 గంటల 52 నిమిషాలు. తూర్పు నుంచి పడమరకి పంపితే దారిలో అయిన ఆలస్యం దీన్ని కాస్త తగ్గించి చూపిస్తుంది, పడమర నుంచి పంపితే అంతే పెంచి చూపిస్తుంది. రెండూ కలిపి సగం చేస్తే ఆలస్యం కొట్టుకుపోతుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి సగం చేస్తే ఆలస్యమే మిగులుతుంది. అది సుమారు 0.3 సెకను అని తేలింది. గాల్వనోమీటర్ అద్దం నుంచి పడే వెలుగు చుక్క కదలడం అవతలి మనిషి కంటితో చూసి నమోదు చెయ్యాలి మరి!

1985లో డేవిడ్ మిల్స్ ఎన్‌టీపీని ఆర్‌ఎఫ్‌సీ 958గా రాసినప్పుడు వాడిన లెక్కా ఇదే. నాలుగు టైంస్టాంపులు, కాసిని తీసివేతలు, సగం. అంతే :)

అసలు మెలికంతా ఆ సగంలోనే ఉంది. పోవడానికీ రావడానికీ ఒకే సమయం పడుతుందనుకుంటేనే ఆ లెక్క చెల్లుతుంది. కాకపోతే ఆ తేడాలో సగం చడీచప్పుడు లేకుండా గడియారంలోకి దూరుతుంది. ఎన్నిసార్లు కొలిచి సరాసరి తీసినా పోదు. టీడీడీ పద్ధతి 4జీ టవర్ల గడియారాలు 1.5 మైక్రోసెకన్లకి మించి తప్పకూడదు. వాటికి సమయం అందించే ఫైబర్ ఒకవైపు 200 మీటర్లు ఎక్కువుంటే చాలు, అర మైక్రోసెకను అక్కడే పోయింది.

మా సర్వర్లు రెండూ పక్కపక్కనే ఉన్నా, వేర్వేరు ఎన్‌టీపీ సర్వర్లని నమ్ముకున్నాయి. రెండోదానికి పోయేదారి ఒకటి, వచ్చేదారి ఇంకోటి. వాటి మధ్య తేడా 10 మిల్లీసెకన్లు, సగం 5. మెసేజీకి నిజంగా పట్టింది 1.