ఆదివారం ఎవరిది?
ఒంగోలు మాదిగల బైబిలు చదువు, ఆచరణ

మన చరిత్ర పుస్తకాల్లో మాదిగ, మాల పల్లెల క్రైస్తవం గురించి రెండే మాటలు కనబడతాయి. కరువులో గంజి కోసం మతం మారారనేది ఒకటి. మిషనరీలు వచ్చి వీళ్ళని ఉద్ధరించారనేది రెండోది. మొదటిది మతమార్పిడిని తప్పుబట్టే వాళ్ళ మాట, రెండోది మిషను రిపోర్టుల మాట. పైకి ఈ రెండూ ఒకదానికొకటి పడనట్టే వుంటాయి గానీ లోపల రెండూ ఒకటే. రెండింటిలోనూ మనవాళ్ళు చేతులు చాచి నిలబడ్డవాళ్ళే. ఒకచోట గంజి కోసం, ఇంకోచోట రక్షణ కోసం. తమంతట తాము వాళ్ళేం చేశారన్న ప్రశ్నకి రెండింటిలోనూ చోటు లేదు.

మేము ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెడతాం. దేవుడికి దగ్గర కావడమంటే మన ముత్తాతలకి అర్థం ఏమిటి? బైబిలు తమ పల్లెకి వచ్చాక వాళ్ళు ఏ పని మానుకున్నారు, ఏ పని మొదలుపెట్టారు?

మాకీ ప్రశ్న లైబ్రరీలో పుట్టలేదు. మా నాయనమ్మకి చదువు రాదు. అయినా ఏ కీర్తన ఎన్నోదో చెప్పేది. మేము బడికి పోయి అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టగానే రాత్రిపూట దీపం ముందు కూచోబెట్టి బైబిలు చదివించుకునేది. తప్పు చదివితే ఆపి, మళ్ళీ చదవమనేది. చదువు రాని మనిషికి తప్పెట్లా తెలిసిందో మాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. మా ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి తరం మాది. కానీ మా మొదటి పరీక్ష ఆ దీపం ముందే జరిగింది.

పేరయ్య వెతుకులాట

తెలుగులో బైబిలు ఒంగోలుకంటే చాలా ముందు నుంచీ వుంది. విశాఖపట్నంలో 1805 నుంచి లండన్ మిషను వాళ్ళు అనువాదం పని పెట్టుకున్నారు. శ్రీరాంపురంలో 1812లో మూడు సువార్తలు, 1818లో కొత్త నిబంధన అచ్చయ్యాయి. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు 1840 నుంచి పనిచేస్తున్నారు. పుస్తకం వుంది, బోధకులున్నారు. అయినా ఏళ్ళ తరబడి చేరినవాళ్ళు బహు కొద్దిమంది. అమెరికాలోని మిషను పెద్దలు నెల్లూరు పనిని మూసేద్దామని ఒకటికి రెండుసార్లు ఆలోచించారు.

మార్పు మాదిగపల్లెల నుంచి వచ్చింది. యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. క్రైస్తవం సంగతి వినకముందే ఆయన గురువుల్ని వెతుక్కుంటూ తిరిగినవాడు. వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో ఆ ప్రాంతపు మాదిగల్లో రాజయోగులు, వీరబ్రహ్మం అనుచరులు, నాసరయ్య భక్తులు వున్నారని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో అచ్చయిన తన పుస్తకంలో వివరంగా రాసింది. అంటే మాదిగపల్లె ఎవరో వచ్చి రాసే దాకా ఖాళీగా పడివున్న పలక కాదు. గుడి లోపలికి రానివ్వకపోతే దేవుణ్ణి గుడి బయట వెతికిన జనం వాళ్ళు. పేరయ్య వ్యాపారం మీద ఉత్తరాన ఏలూరు వైపు వెళ్ళినప్పుడు ఈ కొత్త మార్గం సంగతి విన్నాడు, తనే దాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. 1866లో ఒంగోలులో బాప్తిస్మం తీసుకున్నాడు.

అదే సంవత్సరం జాన్ క్లఫ్ ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న అక్కడ ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. పై కులాల వాళ్ళు తమ పిల్లలకి ఇంగ్లీషు చదువు కావాలని మిషను బడికి పంపుతున్నారు. మాదిగలు సంఘంలోకి రావడం మొదలుకాగానే ఆ పిల్లలు బడి మానేశారు. ఎవర్ని వుంచుకోవాలి? ఆ రోజు క్లఫ్, ఆయన భార్య వేరు వేరు గదుల్లో కూచుని, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం తగిలిందని మిషను చరిత్ర చెప్తుంది. దేవుడు జ్ఞానుల్ని, ఘనుల్ని కాక లోకం నీచంగా చూసే వాళ్ళని ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. ఈ కథని మిషను వాళ్ళు తమ దంపతుల విశ్వాసానికి సాక్ష్యంగా చెప్పుకుంటారు. మేము ఇంకోలా చదువుతాం. అప్పటికే మాదిగలు గడపలో నిలబడి వున్నారు. వాళ్ళు నిలబడబట్టే ఆ వాక్యానికి అర్థం వచ్చింది.

మూడు నియమాలు

చేరదలచిన వాళ్ళ ముందు మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాల్ని కొలవకూడదు. చదవడానికి ఇవి సండే స్కూలు పాఠంలా వుంటాయి. ఊరి మధ్య పెట్టి చూస్తే గానీ వీటి బరువు తెలియదు.

గొడ్డు చస్తే మాదిగ ఈడ్చుకుపోవాలి. తోలు తీసి, వూనబెట్టి రైతుకి మోట బాన, చెప్పులు, పలుపులు కుట్టివ్వాలి. దానికి కళ్ళంలో మేర కొలుస్తారు. చచ్చిన గొడ్డు మాంసం కూడా ఆ మేరలో భాగమే అన్నట్టు వుండేది. కూలికి బదులు మాంసం, మాంసం తింటాడు కాబట్టి అంటరానివాడు, అంటరానివాడు కాబట్టి తక్కువ కూలి. ఇదీ ఆ చక్రం. ఇక్కడొక సంగతి గమనించాలి. మాదిగలు తోలు పని మానలేదు, మాంసం మానుకున్నారు. పనిని వుంచుకుని, ఆ పనికి అంటగట్టిన అవమానాన్ని వదిలించుకోవాలని చూశారు. ఇందులో పై కులాల ఆహార నీతిని ఒప్పుకోవడం కూడా కొంత వుందని మేము కాదనం. అయితే ఆనాడు ఆ మాట అన్నది ఊరు కాదు, పల్లె తనకి తానే పెట్టుకున్న కట్టుబాటు.

విగ్రహారాధన మానడమంటే మనసులో నమ్మకం మారడం ఒక్కటే కాదు. పోలేరమ్మ కొలుపుల్లో డప్పు కొట్టడం మాదిగ విధి. డప్పు లేకపోతే ఊరి పండగ సాగదు. ‘మేం రాం’ అన్న రోజున కరణం, మునసబు, పెత్తందార్లు ఊరుకోలేదు. నీళ్ళు ఆపారు, పనులు ఆపారు, కేసులు బనాయించారు.

అన్నిటికంటే పెద్ద తగాదా ఆదివారం దగ్గర వచ్చింది. ఊరి పంచాంగంలో రైతుకి ఏరువాక వుంది, ఉగాది వుంది, సంక్రాంతి వుంది. వెట్టివాడికి తనదని చెప్పుకోడానికి ఒక్క రోజు లేదు. పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం ఆజ్ఞ యజమానికి మాత్రమే చెప్పింది కాదు. దాసుడు, దాసి, పశువు, ఇంట వున్న పరదేశి కూడా ఆ రోజు పని మానాలి. ద్వితీయోపదేశకాండం దీనికి కారణం కూడా చెప్తుంది. మీరు ఐగుప్తులో దాసులుగా వున్నారు, ఆ సంగతి మరవకండి అని. ఈ భాగాన్ని పాలేరు చదివితే ఒక రకంగా వినబడుతుంది, ఆసామి చదివితే ఇంకో రకంగా వినబడుతుంది. కోతల కాలంలో, నాట్ల కాలంలో మాదిగ ఆదివారం పొలానికి రానంటే అది ప్రార్థన మాత్రమే కాదు, పనిని ఆపడం కూడా. అప్పటికి కూలి సంఘాలు లేవు, సెలవు చట్టాలు లేవు. వారంలో ఏడో వంతు కాలాన్ని పెత్తందారు చేతిలోంచి ఈ మనుషులు వెనక్కి లాక్కున్నారు.

కాలువ, నది

ఇక గంజి సంగతి. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ జనం లక్షల్లో చనిపోయారు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్వించింది. క్లఫ్ మిషనరీ కాకముందు సర్వేయరు పని చేసినవాడు. మూడు మైళ్ళకు పైగా కాలువ తవ్వకం కంట్రాక్టు తీసుకుని మాదిగలకి, ఇతరులకి పని చూపించాడు. మిషను బోధకులే మేస్త్రీలు. మధ్యాహ్నం పని ఆగినప్పుడు జనం నీడకి చేరితే అక్కడే బోధ. జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ నవల (2000) చదివినవాళ్ళకి ఆ కాలువ గట్టు తెలుసు.

ఆ కాలువ దగ్గర బువ్వ చూపించి బాప్తిస్మాలు ఇచ్చారనేది ఇప్పటికీ వినబడే ఆరోపణ. జరిగింది దానికి తలకిందులు. కరువు పనులు, సాయం డబ్బులు తన చేతిలో వున్నంత కాలం క్లఫ్ బాప్తిస్మాలు ఆపేశాడు. జనం అడిగినా ఇవ్వలేదు. ఏడాది పైగా అలా ఆగి, సాయం అయిపోయాక 1878 జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టారు. జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సంవత్సరం చివరికి ఆ లెక్క తొమ్మిది వేలు దాటింది. ఇవ్వడానికి గంజి లేనప్పుడు వచ్చిన జనం వీళ్ళు.

ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మాలు ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకున్నారు. క్లఫ్ నీళ్ళలోకి దిగలేదు. 2,222 అన్న అంకె మిషను చరిత్రలన్నిటిలో వుంది. ఆ ఆరుగురి సంగతి మాత్రం ఎక్కడో ఒక వాక్యంలో వచ్చి పోతుంది. దళిత చరిత్ర రాసేవాళ్ళు ఆ వాక్యం దగ్గర ఆగాలి.

చదువురానివాళ్ళ చదువు

ఇంతమందికి బైబిలు ఎలా చేరింది? చేరినవాళ్ళలో అత్యధికులు అక్షరం ముక్క రానివాళ్ళు. అందుకని చదవడమంటే ముందు వినడం. మూడు నెలలకోసారి బోధకులు ఒంగోలులో కూడేవాళ్ళు. పాఠం విని, తిరిగి పల్లెలకు పోయి చింతచెట్టు కింద అదే పాఠం చెప్పేవాళ్ళు. కీర్తనలు ఇంకో దారి. పురుషోత్తమ చౌదరి (1803-1890) లాంటి వాళ్ళు కట్టిన పాటలకి రాగం, తాళం పేర్లు వుంటాయి. గుడి మండపంలో సంగీతం వినడానికి అర్హత లేదన్న జనం నోట ఆ రాగాలు కాపురం చేశాయి. నాయనమ్మకి మా తప్పు ఎట్లా దొరికిందో ఇప్పుడు తెలుస్తోంది. ఆమెకి పుస్తకం చెవిలో వుంది.

ఆడవాళ్ళ పాత్ర ఇక్కడ ఎక్కువ, చరిత్రలో తక్కువ. బైబిలు స్త్రీలు అని పిలిచే తెలుగు స్త్రీలు ఊరూరా కాలినడకన తిరిగి చదివి వినిపించారు. ఇంట్లో అన్నం వండేటప్పుడు ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి విడిగా కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చే అలవాటు మన సంఘాలన్నిటిలో వుంది. తినడానికే చాలని ఇంట్లో ఆ పిడికెడు ఎంత పెద్దదో లెక్కల పుస్తకాలు చెప్పవు. మిషను డబ్బుతో గుళ్ళు లేచాయంటారు గానీ పాస్టరు పొయ్యి వెలిగింది చాలాచోట్ల ఈ పిడికెడు బియ్యంతోనే. దోర్నకల్‌లో 1912 నుంచి బిషప్‌గా వున్న వి.ఎస్. అజరయ్య సాక్ష్యం వారాలు పెట్టి మామూలు విశ్వాసుల్నే ఊళ్ళలోకి పంపించాడు. పంపినవాళ్ళలో చాలామంది చదువురాని మాల, మాదిగలే.

దాటని గీత

ఇంత చెప్పి ఇక్కడ ఆగితే మేమూ మిషను రిపోర్టు రాసినట్టే. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. గుంటూరు, కృష్ణా ప్రాంతాల లూథరన్, ఆంగ్లికన్ సంఘాల్లో మాలలు ఎక్కువ. ఒకే బైబిలు చదివారు, ఒకే కీర్తనలు పాడారు. పిల్లనిచ్చి పుచ్చుకోవడం దగ్గరికొచ్చేసరికి ఊరు గీసిన గీతే మళ్ళీ గీసుకున్నారు. తర్వాత వచ్చిన రెడ్డి, కమ్మ క్రైస్తవులు తమ కులాన్ని గుడి బయట వదిలి రాలేదు. బైబిలు స్త్రీల భుజాల మీద నిలబడ్డ సంఘంలో స్త్రీ బిషప్ కావడానికి 2013 దాకా, నంద్యాలలో పుష్పలలిత వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

అంబేద్కర్ ఈ విషయం మీద కఠినంగా మాట్లాడాడు. ఆయన రచనల అయిదో సంపుటిలో (1989) అచ్చయిన వ్యాసాల్లో, మతం మారిన అంటరానివాడు తన మీద జరిగే అన్యాయాన్ని ఎదిరించడానికి క్రైస్తవం ఏం చేసిందని నిలదీశాడు. ఒంగోలు తొలితరం ఆ ప్రశ్నకి కొంత జవాబు. తర్వాతి తరాల్లో మూడు నియమాలు మిగిలాయి గానీ వాటి వెనక వున్న తగాదా మరుగున పడింది. ఆదివారం పెత్తందారుని ధిక్కరించే రోజు కాస్తా తెల్లబట్టలు కట్టుకునే రోజయింది.

ఇంకో దెబ్బ రాజ్యం కొట్టింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా అన్నది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవ దళితుడు మన రాష్ట్రంలో బి.సి.-సి. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మత నిబంధన తీసెయ్యమని 2007లోనే సిఫార్సు చేసింది. అది అమలు కాలేదు. 2022లో కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. ఈ లోగా మన పిల్లలకి రెండు పేర్లు, బళ్ళో ఒకటి, గుళ్ళో ఒకటి. కరువులో సాయం ఆగాక కూడా పేరు మార్చుకున్న వాళ్ళ మునిమనవళ్ళు సీటు కోసం ఆ పేరు దాచుకోవాల్సి వస్తోంది. ఆశపెట్టి మతం మార్చారని నిందించే వాళ్ళు ఈ ఆశపెట్టడం గురించి ఒక్క మాట మాట్లాడరు.

ఈ చరిత్ర సగం మిషను కాగితాల్లో వుంది. మిగతా సగం మన ముసలివాళ్ళ నోళ్ళలో వుంది, వాళ్ళతోపాటే పోతోంది. ఈ పత్రిక చదివే విద్యార్థులు, టీచర్లు సెలవుల్లో పల్లెకి పోయినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. మనింట్లో మొదట బైబిలు చదివింది ఎవరు? ఆదివారం పనికి రానన్నందుకు ఊరు ఏం చేసింది? డప్పు మానింది ఎప్పుడు, మళ్ళీ పట్టింది ఎప్పుడు? జవాబులు వాళ్ళ మాటల్లోనే రాసిపెట్టండి. మా నాయనమ్మని మేము ఈ ప్రశ్నలు అడగలేదు. అడగాలని తెలిసేసరికి ఆమె లేదు.