ఎలుక సాక్ష్యం, చిప్ సాక్ష్యం

మొన్న మా కుదుదండ్‌లో మందుల షాపు దగ్గర ఒక రైల్వే మిత్రుడు అడిగారు. "ఈ మాత్ర మనిషికి హాని చేయదని ముందే ఎలా తెలుస్తుందండీ?" ముందుగా ఎలుకల మీద పరీక్షిస్తారని చెప్పాను. "మనం ఎలుకలం కాదు కదా!" అన్నారు. ఈ ప్రశ్నకు పెద్ద చరిత్రే వుంది.

1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ మందును డైఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో కరిగించి అమ్మారు. ఆ ద్రవం విషం. అమ్మేముందు ఎవరూ పరీక్షించలేదు. నూరుమందికి పైగా చనిపోయారు. దాంతో 1938లో చట్టం వచ్చింది. కొత్త మందు సురక్షితమని ముందుగా ఋజువు చూపాలి. ఆచరణలో ఆ ఋజువు జంతువుల మీద పరీక్ష అయింది. ఆనాటికి అది ముందడుగే. క్రమేణా అదే చివరి మాట అన్నంతగా ఆచారమైపోయింది.

2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్ 1412 అనే మందును ఆరుగురు ఆరోగ్యవంతులకు ఎక్కించారు. కోతులకు హాని చేయని మోతాదులో 500వ వంతు మాత్రమే ఇచ్చారు. కొద్ది గంటల్లోనే ఆరుగురికీ అవయవాలు దెబ్బతిన్నాయి. అదృష్టమని కొందరంటారు గాని, వైద్యుల శ్రమ వల్ల ప్రాణాలు దక్కాయి. కోతి ఇచ్చిన సాక్ష్యం మనిషికి చెల్లలేదు.

అలాంటప్పుడు మనిషి కణాలనే అడిగితే? కార్నెల్‌లో మైకేల్ షులర్ ఈ దారిలో ముందు నడిచారు. 2010లో హార్వర్డ్‌లో డోనాల్డ్ ఇంగ్బర్, డాన్ హూ ఊపిరితిత్తి చిప్‌ను ప్రకటించారు. అది చిన్న సిలికోన్ ముక్క. లోపల రెండు సన్నని కాలువలు, వాటి మధ్య రంధ్రాలున్న పొర. పొర పైన ఊపిరితిత్తి కణాలు, వాటికి గాలి తగులుతుంది. కింద రక్తనాళ కణాలు, వాటి మీదుగా ద్రవం పారుతుంది. పక్క గదుల్లోని గాలిని లాగితే పొర సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. ఊపిరి తీసినట్టే.

2022లో కాలేయ చిప్‌ల ఫలితాలు వెలువడ్డాయి. 27 మందులు, 870 చిప్‌లు. కాలేయాన్ని చెడగొట్టే మందుల్లో 87 శాతాన్ని అవి పట్టుకున్నాయి. హానిలేని మందులో వేటినీ తప్పుపట్టలేదు. అయితే ఆ పరీక్షలో ముఖ్యపాత్ర చిప్‌లు తయారుచేసిన ఎమ్యులేట్ కంపెనీ వారిదే. నేను రక్షణ శాఖ లెక్కల్లో పనిచేశాను. బిల్లు పెట్టినవాడే దాన్ని పాస్ చేయకూడదన్నది అక్కడ మొదటి పాఠం. ఫలితం అబద్ధమని నేననను. బయటివారు కూడా చేసి చూడాలంటాను.

2022 డిసెంబరులో అమెరికా చట్టం మార్చి, జంతు పరీక్షకు బదులు ఇలాంటి పద్ధతులను కూడా ఒప్పుకుంది. 2023 మార్చిలో మన దేశం కూడా నిబంధనలు సవరించింది. హైదరాబాదులో పుష్ప మిత్ర భార్గవ నెలకొల్పిన సీసీఎంబీకి అనుబంధంగా, మానవ కణ నమూనాల కోసం ఒక కేంద్రం అంతకుముందే మొదలైంది. శాస్త్రీయ దృక్పథం కోసం జీవితమంతా వాదించిన మనిషి పెట్టిన సంస్థ దగ్గర ఈ పని జరగడం సబబుగానే వుంది.

కానీ చిప్‌ను కొత్త దేవుణ్ణి చేయకూడదు. ఒక చిప్ ఒక అవయవంలోని కొంత భాగాన్నే చూపుతుంది. ఏళ్ళ తరబడి మందు వాడితే ఏమవుతుందో, గర్భంలోని బిడ్డకు ఏమవుతుందో అది ఇంకా పూర్తిగా చెప్పలేదు.

ఇంకొక మాట. 2025లో మా పొరుగునున్న మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగి 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. అందులో వున్నది 1937 నాటి డైఇథిలీన్ గ్లైకాలే. 88 ఏళ్ళ తరువాత అదే విషం! దాన్ని పట్టుకోవడానికి చిప్ అక్కరలేదు, మామూలు రసాయన పరీక్ష చాలు. పిల్లల నోటికి చేరేలోగా అది జరగలేదు.

అందుకే ఆ మిత్రుడికి నా జవాబు ఇది. ఎలుక చెప్పిందనో, చిప్ చెప్పిందనో నమ్మవద్దు. ఎవరు పరీక్షించారు, ఎవరు సరిచూశారు అని అడగండి.