ధర్మపురి దారిరాయి

పూర్వము మన ధర్మపురి ప్రాంతమున అదియమాన్ పెరువళి యను రాచబాట యుండెడిది. ఆ బాటపై 13వ శతాబ్దిలో నాటిన దూరపురాయి యొకటి దొరికినది. నావల్‌తావళమునకు 29 కాదములని దానిపై చెక్కియున్నది. కాదమనగా మన ఆమడవంటి కొలత. అంకెతోబాటు రెండు పెద్ద గుంటలు, తొమ్మిది చిన్న గుంటలు గలవు. పెద్దది పది, చిన్నది ఒకటి. చదువురాని బాటసారియు, తమిళమెరుగని పరదేశియు లెక్కించుకొనవచ్చును.

నేడీ ప్రాంతమున 44వ నెంబరు జాతీయ రహదారి సాగుచున్నది. కారులో బిగించిన దారిచూపు యంత్రము మేలా, చేతి ఫోనులోని పటము మేలా యని ఇప్పటి వాదము. 1981లో జపానునందు హోండావారి యంత్రము ఉపగ్రహముల సాయము లేకయే, గైరోస్కోపుతో మలుపులనెరిగి, పటముపై కారున్న చోటును చూపెను. 1990లో మాజ్దా కారు ఉపగ్రహముల నాశ్రయించెను. 2005లో గూగుల్ పటములు వెలసి, పిదప ఫోనులలో చేరెను.

కారు యంత్రము తనలోనే పటమును దాచుకొన్నచో సిగ్నలు లేకున్నను ఆగదు. కాని ఆ పటము పాతబడును. ఫోను పటము రద్దీని సైతము తెలుపును. కాని ముందుగా దింపుకొననిచో, సిగ్నలు లేనిచోట చిక్కే.

రెంటికిని ఆ రాయియే గీటురాయి: అందరికిని తెలియునా? తొప్పూరు కనుమ దిగు డ్రైవరు చూపు రోడ్డుపైననే యుండవలెను. దారి అతని భాషలో చెవిని పడవలెను. అట్లు చెప్పగలదే మనకు మేలైనది.