ఆలస్యం లేని చోట వ్యతికరణం: వేగవంతమైన రైళ్లలో ఓఎఫ్‌డీఎం

బహుపథ ప్రసరణను ఓఎఫ్‌డీఎం (డేటాను అనేక సన్నని సబ్‌క్యారియర్ల మీద పంచి పంపే పద్ధతి) జయించిందని పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపించే మాట సగమే నిజం. ప్రతిబింబాలు ఆలస్యంగా చేరడం వల్ల వచ్చే చిక్కు మటుకు చాలావరకు తీరింది. 1971లో వైన్‌స్టీన్, ఎబర్ట్ డిస్క్రీట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌తో బహువాహక ప్రసారాన్ని సులువు చేశారు. 1980లో పెలెడ్, రూయిజ్ ప్రతి సింబల్ చివరి ముక్కను దాని ముందు అతికించే సైక్లిక్ ప్రిఫిక్స్‌ను ప్రతిపాదించారు. 4జీ ప్రమాణమైన ఎల్‌టీఈలో సబ్‌క్యారియర్ల ఎడం 15 కిలోహెర్ట్జ్, సింబల్ నిడివి 66.7 మైక్రోసెకన్లు, ప్రిఫిక్స్ సుమారు 4.7 మైక్రోసెకన్లు. అంటే దారుల మధ్య దూరంలో తేడా 1.4 కిలోమీటర్లు దాటనంతవరకు సబ్‌క్యారియర్లు ఒకదానిలోకి ఒకటి చొరబడవు. దాటితే మాత్రం రెండు రకాల వ్యతికరణమూ మొదలవుతుంది: పాత సింబల్ తోక కొత్తదానిలోకి వస్తుంది, సబ్‌క్యారియర్ల లంబత్వమూ చెడుతుంది.

అసలు తంటా కదలికతో వస్తుంది. పట్టాల వెంట వరుసగా నిలిపిన రిమోట్ రేడియో హెడ్లు ఒకే సెల్‌గా, ఒకే సంకేతాన్ని పంపే ఏర్పాటును తీసుకుందాం. రైలు వేగం గంటకు 300 కిలోమీటర్లు, వాహక పౌనఃపున్యం 2.5 గిగాహెర్ట్జ్. డాప్లర్ ప్రభావం వల్ల ముందున్న హెడ్ నుంచి వచ్చే సంకేతం సుమారు 694 హెర్ట్జ్ పైకి, వెనకున్నదాని నుంచి వచ్చేది అంతే కిందికి జరుగుతుంది. సరిగ్గా నడిమధ్యలో రెండూ ఒకే క్షణంలో, సమాన బలంతో చేరతాయి. ఆలస్యంలో తేడా సున్నా. ప్రిఫిక్స్‌కు ఇక్కడ పనే లేదు, అయినా వ్యతికరణం తీవ్రంగా ఉండేది ఇక్కడే.

ఒకే దారి ఉండి ఉంటే 694 హెర్ట్జ్ జరుగుదలను రిసీవర్ కొలిచి, వెనక్కి జరిపేసేది; అక్కడితో సరి. ఎదురెదురు జరుగుదలలు రెండున్నప్పుడు ఒకదాన్ని దిద్దితే రెండోది ఇంకా తప్పుతుంది. రెండు సంకేతాలూ కలిసి ప్రతి 0.72 మిల్లీసెకన్లకు, అంటే రైలు 6 సెంటీమీటర్లు కదిలినప్పుడల్లా, ఒకసారి పరస్పరం రద్దవుతాయి. సుమారు పది సింబళ్లకోసారి ఛానల్ లేచి పడుతుందన్నమాట. డాప్లర్ జరుగుదల సబ్‌క్యారియర్ ఎడంలో 4.6 శాతం, దాని వర్గాన్ని π²/3తో గుణిస్తే, పొరుగు సబ్‌క్యారియర్లలోకి ఒలికే శక్తి సుమారు 0.7 శాతం. సంకేతానికీ వ్యతికరణానికీ నిష్పత్తి 21.5 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది. ప్రసార శక్తి పెంచినా లాభం లేదు, వ్యతికరణమూ అంతే పెరుగుతుంది.

5జీలో ఎడాన్ని 30 కిలోహెర్ట్జ్ చేస్తే ఈ ఒలుకు నాలుగో వంతుకు దిగుతుంది. మూల్యం: ప్రిఫిక్స్ 2.3 మైక్రోసెకన్లకు, దూరపు తేడా 700 మీటర్లకు కుంచించుకుపోతుంది. మైదానంలో ఇది చవక బేరమే. కొండల నడుమ దూరపు ప్రతిబింబాలు బలంగా వచ్చే చోట అలా అనలేం.

ప్రతి హెడ్ తన పౌనఃపున్యాన్ని ముందుగానే దిద్ది పంపే పద్ధతి నా దృష్టిలో ఇంతకంటే మేలు. ఒక్కో ఫోనుకు విడిగా వెళ్లే డేటాకు ఇది చక్కగా పనిచేస్తుంది. సెల్‌లోని వారందరికీ ఉమ్మడిగా పంపే సంకేతాలను మాత్రం అలా దిద్దలేం: ఒక రైలుకు సరిపోయేలా జరిపితే, పక్క పట్టా మీద ఎదురొచ్చే రైలుకు తప్పు రెట్టింపై 1,389 హెర్ట్జ్ అవుతుంది.